సీసా మూతి మీద అరచెయ్యి

నా ఒంట్లోంచి కోసి తీయబోయే కేన్సరు గడ్డకు బేరం పెట్టినవాణ్ణి నేను. నరసరావుపేట బజార్లో బేరగాళ్లకు ఎప్పుడూ కరువు లేదు. పాడె కట్టే వెదురుబొంగులకు ధర దించిన మా పెదనాన్న ఉన్నాడు. దేవుడి పెళ్లికి పూలు కొనబోయి, అమ్మేవాడు విసుగెత్తి బుట్ట వదిలేసి టీ తాగడానికి పోయేదాకా కదలకుండా నిలబడ్డ మా మేనత్త ఉంది. కానీ పాడైపోయిన సొంత కిడ్నీలోంచి ముక్క ఒకటి ఊరికే ఇస్తారా అని మర్యాదగా అడగవచ్చిన మనిషితో ‘ఇస్తే నాకేమిస్తావు’ అన్నవాడు మాత్రం ఈ బజారు మొత్తానికి నేనొక్కణ్ణే. అంతకంటే తెలివితక్కువ బేరం ఎవరైనా చేసి ఉంటే చెప్పండి, నా కొట్టు గల్లా తాళాలు వాళ్ల చేతిలో పెడతాను.

ఆ బేరంలో నన్ను గెలిచిన అమ్మాయి ఇప్పుడు లేదు. కిందటి నెల తెలిసింది.

మాది గానుగ నూనె కొట్టు. మధ్యాహ్నం బేరాల్లేని వేళ ఒక పెద్దాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజు. ఎన్ని సబ్బులు అరగదీసినా పోని రకం. చేతిలో పేపరు చుట్టిన సీసా. పేపరు విప్పేదాకా నేను మనిషిని చూడలేదు, విప్పాక సీసానే చూశాను. పాతకాలం షర్బతు సీసా, దళసరి గాజు, మెడకు కాస్త కింద ఎర్ర దారం కట్టి ఉంది. ఆ దారం నాకు తెలుసు. సీసా తెచ్చే మనిషి రాలేదేమని అడిగాను. ఆయన సీసాను బల్ల మీద పెట్టి, “జొరమొచ్చింది. పెద్దదయింది. దక్కలా” అన్నాడు. ఆయన ఆ అమ్మాయి తండ్రి. పిడుగురాళ్లలో లారీలు బాగుచేసే షెడ్డు ఆయనది.

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. సీసా నింపడానికి నాకు కొంచెం వ్యవధి పట్టింది. ఆ కాస్తలో గుర్తొచ్చినవే ఇవన్నీ.

మా వైపు నీళ్లు తాగి నడుం నొప్పంటే ఎవరైనా ముందు అనేమాట, కిడ్నీలో రాయి ఉందని. పిడుగురాళ్ల క్వారీలో ఉన్నన్ని రాళ్లు మా నడుముల్లోనూ ఉంటాయి. నేనూ అదే అనుకుని, బార్లీ నీళ్లు తాగుతూ ఏడాది నెట్టుకొచ్చాను. చివరకు స్కానింగు తీసినాయన ఇది రాయి కాదు గడ్డ అన్నాడు. గుంటూరు పెద్ద డాక్టరు దాన్ని చూసి, కిడ్నీ మొత్తం తీసెయ్యాలన్నాడు. రెండో కిడ్నీ బాగానే ఉంది కాబట్టి బతకడానికి ఢోకా లేదన్నాడు. ఒక్కటే తీస్తున్నారు గదా, ఏమన్నా తగ్గిస్తారా అని నేనడిగాను. మా ఆవిడ పమిట కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆపరేషనుకు ముందురోజు సాయంత్రం ఆ అమ్మాయి వార్డులోకి వచ్చింది. సన్నగా, భుజం దగ్గర చున్నీకి పిన్ను పెట్టుకుని, చంకలో కాగితాల అట్ట. వచ్చిన వాళ్లంతా మంచం పక్కన నిలబడి పైనుంచి మాట్లాడతారు. ఈ అమ్మాయి మూలనున్న స్టూలు తెచ్చుకుని, కూర్చుని, నా మొహంకన్నా తన మొహం కిందికి వచ్చాక నోరు విప్పింది. తర్వాత తర్వాత కూడా చూశాను, ఎవరినైనా ఏదైనా అడగాలంటే ముందు స్టూలు వెతుక్కునేది.

“రేపు తీసిన కిడ్నీలోంచి రెండు చిన్న ముక్కలు మా పరిశోధనకు ఇస్తారేమో అడుగుదామని వచ్చానండీ. వద్దనొచ్చు. వద్దన్నారని మీ వైద్యంలో తేడా రాదు. ఇచ్చినా మీకు లాభమేమీ ఉండదు.”

సరుకులో లోపం ముందు చెప్పి తర్వాత బేరం మొదలుపెట్టే మనిషిని నేనంతకుముందు చూడలేదు. మేం నూనె కళాయిలో పొంగదని చెబుతాం, గారెలు పీల్చవని చెబుతాం, అడుగున మడ్డి ఉందన్నది సీసా ఇంటికి పోయాక వాళ్లే కనుక్కుంటారు. లాభం లేకపోతే ఎందుకివ్వాలని అడిగాను. ముందు ముందు ఎవరికైనా పనికిరావచ్చునంది. అంతటితో ఆగినా బాగుండేది. “అది కూడా ఏమో, చెప్పలేనండీ” అని కలిపింది.

ఇంత బలహీనమైన బేరగత్తె దొరికాక నేను ఊరుకుంటానా. ఏమిస్తావన్నాను. డబ్బివ్వటం తప్పు, రూలు ఒప్పుకోదంది. పోనీ ఆసుపత్రి బిల్లులో ఏమన్నా తగ్గించమన్నాను. ఆ బిల్లుకీ తనకీ సంబంధం లేదంది. ఇక మిగిలింది సరుకు. రెండు ముక్కలెందుకు అని నిలదీశాను. ఒకటి గడ్డలోది, రెండోది అదే కిడ్నీలో గడ్డకు దూరంగా ఉన్న మంచి భాగంలోది. పాడైంది తీసుకుపొమ్మన్నాను, మంచిది ఇవ్వనన్నాను. పుచ్చుతో కలిపి మంచి సరుకు ఇచ్చే అలవాటు మా ఇంటా వంటా లేదన్నాను. అప్పటికి నేను చానా గొప్పగా మాట్లాడుతున్నానని నా నమ్మకం. ఆ మంచి భాగం కూడా రేపు కిడ్నీతో పాటే పోతుందన్న సంగతి నాకు తట్టలేదు.

ఆ అమ్మాయి కాగితాలు సర్దుకుంది. “గడ్డ ఒక్కటే తూస్తే ఎక్కువో తక్కువో ఎట్లా తెలుస్తుందండీ, పక్కన మంచిది లేకుండా? తక్కెడకు ఒక పళ్లెమే ఉన్నట్టుంటుంది. అయితే రెండూ వద్దులెండి. పనికిరాదని తెలిసీ తీసుకుంటే మిమ్మల్ని మోసం చేసినట్టుంటుంది.” స్టూలు ఎక్కడిది అక్కడ పెట్టి, నడిచిపోయింది.

బజార్లో పుట్టినవాడికి ఇదొక విద్య. కొనేవాడు ధర గిట్టలేదని లేచి పోతాడు. అమ్మేవాడు మొహం చూడడు, కాళ్లు చూస్తాడు. నిజంగా పోయేవాడి కాళ్లు వేరు, పిలిపించుకోవాలని పోయేవాడి కాళ్లు వేరు. పక్క కొట్టు దగ్గరికొచ్చేసరికి రెండోవాడి నడక మెత్తబడుతుంది, చెప్పు ఏదో సర్దుకుంటాడు, ఎవరినో పలకరిస్తాడు. అప్పుడు పిలిస్తే అమ్మేవాడిది పైచెయ్యి. నేను దుప్పటి కప్పుకుని ఆ అమ్మాయి కాళ్లే చూస్తున్నాను. పక్క మంచం దాటింది. ఆ పక్క మంచం దాటింది. చెప్పు సర్దుకోలేదు, ఎవరినీ పలకరించలేదు. వార్డు తలుపు దగ్గరికి వచ్చేసరికి నడక ఇంకా వేగమైంది. అవతల ఇంకెవరినో అడగాలి గదా మరి.

నేను పిలిచాను. అమ్మేవాడిగా నా బతుకులో అంత త్వరగా ఎవరినీ వెనక్కి పిలవలేదు.

“ఇదిగో అమ్మాయ్. గడ్డ తీసుకో. మంచి ముక్క కొసరు.”

కొలిచాక పైన పోసే నాలుగు చుక్కల్ని కొసరంటాం. దానికి ధర ఉండదు, లెక్కా ఉండదు, కాకపోతే అది పొయ్యని కొట్టుకు మళ్లీ ఎవరూ రారు. ఆ అమ్మాయి అప్పుడు నవ్వింది. వచ్చి, మళ్లీ స్టూలు తెచ్చుకుని, కాగితంలో ఉన్నదంతా మొదట్నుంచీ చదివి వినిపించి, అప్పుడు సంతకం పెట్టించుకుంది. చదవకుండా పెడతాను తెమ్మంటే ఒప్పుకోలేదు.

మర్నాటి సంగతి మా ఆవిడ చెప్పగా విన్నదే. ఈ అమ్మాయి తెల్లవారే వచ్చి థియేటరు తలుపు పక్కన నిలబడిందట. కాళ్ల దగ్గర పాలక్యాను లాంటి డబ్బా, మూత తీస్తే తెల్లటి పొగ. మా ఆవిడది నాదెండ్ల, గేదెలున్న ఇంటి పిల్ల. ఆ డబ్బా చూడగానే, “ఇది గేదెలకు సూదేసే డాక్టరు డబ్బా గదా తల్లీ, మా ఆయనకెందుకు?” అందట. రెండూ ఒకటేనని, అందులో ఉన్న చలి ద్రవంలో వేస్తే ముక్క ఉన్నది ఉన్నట్టు గడ్డకట్టి నిలిచిపోతుందని, బయట ఊరికే ఉంచితే లోపలి సంగతులు మారిపోతాయని ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పిందట. టీ తాగమంటే తాగలేదట. తాగుతుండగా తలుపు తీస్తారేమోనని.

నేను కోలుకుని కొట్లో కూర్చున్న కొన్నాళ్లకు ఆ అమ్మాయి సీసా పట్టుకుని దిగింది. వార్డులో నా గానుగ గురించి నేను కొట్టిన డప్పు గుర్తుపెట్టుకుంది. గుంటూరు నుంచి పిడుగురాళ్ల పోవాలంటే సత్తెనపల్లి దారి దగ్గర. అయినా ఇంటికి పోయే ప్రతిసారీ పేట మీదుగా, బస్సు మారి వచ్చేది. అర లీటరు వేరుశనగ నూనె. సీసాలో అర లీటరు ఎక్కడికి వస్తుందో ముందే కొలుచుకుని అక్కడ ఎర్ర దారం కట్టుకుంది. నూనె దారాన్ని తాకగానే, నా చెయ్యి అలవాటుగా ఇంకాస్త వంచబోయేలోపు, సీసా మూతి మీద అరచెయ్యి పెట్టేసేది. నూనె అరచేతి మీద పడేది.

“నా కొసరు నేను ముందే తీసుకున్నా బాబాయ్.”

ఎన్నిసార్లు వచ్చినా అంతే. మాటల్లో పెట్టి, అటు చూడమని, గానుగలో చెక్క విరిగిందేమోనని భయపెట్టి పొయ్యబోయేవాణ్ణి. అరచెయ్యి వచ్చేసేది. తర్వాత ఆ చేతికంటిన నూనెను మోచేతులకు రాసుకుని, సీసాను వెలుగుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూసేది. లాబులో అద్దం కింద చూసి చూసి ఆ అలవాటు.

నా గడ్డ ఎట్లా ఉందని ఒకసారి అడిగాను. పిల్లాడు బడిలో ఎట్లా చదువుతున్నాడని అడిగినట్టే అడిగాను. ఆ రకం గడ్డలో కణాలు అద్దం కింద తెల్లగా, ఏమీ లేనట్టు కనపడతాయంది. ఖాళీ కాదట, కొవ్వట. అద్దం మీదికి ఎక్కించేలోపు వాడే మందులు ఆ కొవ్వును కడిగేస్తాయి కాబట్టి మనకు ఖాళీ డబ్బాలు కనపడతాయట. మామూలు కణం కొవ్వును కాల్చుకుని బతుకుతుంది. ఇది కాల్చుకోకుండా చుక్కలు చుక్కలుగా దాచుకుంటుంది.

మా ఆవిడ ఈ మాట వినకుండా ఉంటే బాగుండేది. నూనె ధర పెరిగినప్పుడల్లా, సరుకు లేదని చెప్పి మా ఆయన స్టాకంతా ఎక్కడ దాచాడో ఇప్పుడు తెలిసిందని వీధి వీధంతా చెప్పుకొచ్చింది. నేను మాత్రం లోలోపల బెదిరిపోయాను. ఇన్నేళ్లు తిన్న నూనే అక్కడ చేరిందా అని అడిగాను.

ఆ అమ్మాయి వెంటనే జవాబు చెప్పే రకం కాదు. సీసాను బల్ల మీద పెట్టి, దారం సర్ది, అప్పుడు చెప్పేది. “దాచుకుంటుందని తెలుసు. ఏ చీటీలు ఆగిపోతే దాచుకుంటుందో కొంచెం తెలుసు. నువ్వు తిన్న గారెల వల్లనా అంటే, ఇక్కడిదాకే బాబాయ్. ఆ పైన తెలవదు.”

ఈ చివరి మాట ఆ అమ్మాయి ఊతపదం. ‘ఇక్కడిదాకే’ అన్నప్పుడు కుడిచేతిని బల్ల మీద నిలువుగా పెట్టేది, మిరపకాయల కల్లంలో రెండు రాశుల మధ్య గోనెపట్టా అడ్డం పెట్టినట్టు. చేతికి ఇవతల తెలిసింది, అవతల తెలియనిది. తెలియనిదే ఎక్కువ ఉన్నా, ఆ చెయ్యి ఒక అంగుళం కూడా అటు జరిగేది కాదు. మేం అట్లా చేస్తే కొట్టు మూసుకోవాలి.

చీటీలన్నదేమిటో అర్థం కాలేదు. విడమరిచి చెప్పింది. కణం లోపల ఏం తయారుచెయ్యాలో చెప్పే చీటీలు తిరుగుతుంటాయట. ఆ చీటీలకు అంటుకుని పని ఆపేసే చిన్న చిన్న తునకలు కొన్ని ఉంటాయట, పేరు మైక్రో ఆర్‌ఎన్‌ఏ. వాటితో ఏదీ తయారుకాదు. అంత చిన్నవాటితో ఏం పనని ఒకప్పుడు ఎవరూ పట్టించుకోలేదట.

నాకు మా అమ్మ దగ్గు గుర్తొచ్చింది. మా నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు. వెనక గోడకు తలుపు, తలుపు వెనక ఇల్లు. తెలిసినవాడెవడో వచ్చి నూనె ఇప్పుడిమ్మని, సొమ్ము పంట చేతికొచ్చాక అని నసిగితే, మా నాన్న మొహమాటపడి డబ్బా ఒకటి ఇమ్మని చీటీ రాసి గోడౌనుకు పంపేవాడు. చీటీ గుమ్మం దాటేలోపు తలుపు వెనక మా అమ్మ దగ్గేది. పెద్ద దగ్గేం కాదు, గొంతు సవరించుకున్నంత. చీటీ అక్కడే ఆగిపోయేది. మా అమ్మ ఒక్క చుక్క నూనె ఆడలేదు, ఒక్క డబ్బా అమ్మలేదు. కానీ మా కొట్టు నిలబడింది ఆ దగ్గు మీద. ఆమెకు గొంతు పోయిన సంవత్సరం మా నాన్న పంచిపెట్టిన నూనెకు లెక్కలేదు.

ఇది చెబితే ఆ అమ్మాయి చాలాసేపు నవ్వింది. అదేనంది. కిడ్నీ గడ్డలో కొన్ని దగ్గులు పడిపోతాయి, కొవ్వు చెయ్యమనే చీటీలు అడ్డం లేకుండా పోతాయి. ఇంకొన్ని దగ్గులు అతిగా వినపడతాయి, కొవ్వు కాల్చమనే చీటీలు ఆగిపోతాయి. అంతలోనే చెయ్యి నిలువుగా పెట్టింది. మా ఇంట్లో అమ్మ ఒక్కతే, కణంలో వందలమంది. ఒక్క దగ్గుకు చానా చీటీలు ఆగుతాయి, ఒక్క చీటీ ఆగటానికి చానామంది దగ్గాలి. కాబట్టి నా పోలిక కూడా ఇక్కడిదాకే. మెచ్చుకున్న నోటితోనే కొలిచి ఇచ్చింది.

ఆ వందల్లో ఒక దగ్గు వెంట పడింది ఆ అమ్మాయి. గడ్డల్లో అది పడిపోతున్నదని, అందుకే కొవ్వు పేరుకుంటున్నదని అనుమానం. లాబులో గాజు పళ్లేల్లో పెంచే కణాలకు ఆ తునకను తిరిగి ఇస్తే, కొవ్వు చుక్కలు తగ్గాయి. అది చెప్పిన రోజు సీసాను రెండుసార్లు వెలుగుకు ఎత్తి చూసింది. ఇక మనుషుల గడ్డల్లో కూడా అట్లాగే ఉందని తేలితే పని పూర్తయినట్టే. చదువు, చేతికి వచ్చే జీతం, ఆ తర్వాతి కొలువు, అన్నీ ఆ ఒక్కదాని మీదే ఉన్నాయి. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, లాబులో ఇంగ్లీషు నేర్చుకుంటూ లారీ షెడ్డులోంచి అక్కడిదాకా వచ్చిన పిల్ల. మాకు కూడా పండగ ఎదురుచూసినట్టే ఉండేది.

షెడ్డు గురించి ఎక్కువ చెప్పేది కాదు. ఒక్క సంగతి మాత్రం చాలాసార్లు చెప్పింది. ఆమె తండ్రి ఇంజను విప్పి బిగించాక, గోనెపట్టా మీద ఒక్క నట్టు మిగిలినా బండి స్టార్టు చెయ్యనిచ్చేవాడు కాదట. డ్రైవరు తిట్టనీ, యజమాని ఫోను మీద ఫోను చెయ్యనీ, సున్నపురాయి లోడు రోడ్డు మీద ఆగిపోనీ. నట్టు ఎక్కడిదో తెలిసేదాకా మళ్లీ మొత్తం విప్పేవాడట. “అందరూ తిడతారు బాబాయ్, మళ్లీ అందరూ మా అబ్బా దగ్గరికే వస్తారు.”

ఒకరోజు సాయంత్రం సీసా లేకుండా వచ్చింది. నేను బల్ల అటు ఉన్నాను, తను స్టూలు వెతుక్కుంటున్నది. అప్పుడే నాకు అర్థమైంది, ఏదో అడగడానికి వచ్చిందని.

కూర్చున్నాక చెప్పింది. తెచ్చిన గడ్డలన్నీ అనుకున్నట్టే చెప్పాయట, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ నాది. గడ్డ నిండా కొవ్వుంది, కానీ దగ్గు పడిపోలేదు. పక్కనున్న మంచి ముక్కలో కన్నా గడ్డలోనే ఎక్కువగా ఉందట. తిరగేసి మరగేసి చూసినా అంతే వచ్చిందట. పైనున్న ప్రొఫెసరుగారు ఆ ముక్క తెచ్చేటప్పుడు ఏదో పాడై ఉంటుంది, దాన్ని పక్కనపెట్టి మిగతావాటితో రాసెయ్యమన్నారట. ఆయన చెడ్డమనిషేం కాదట, నిజంగానే పాడైన ముక్కల్ని పక్కనపెట్టటం అందరూ చేసేదేనట. పాడయిందని చెప్పటానికి ఒక కారణం కావాలి, అంతే. డబ్బాలో వేసింది తనే కాబట్టి అక్కడ పొరపాటు లేదని తనకు తెలుసు. మరి నేనేమైనా తిన్నానా, నాటుమందులేమైనా వాడానా, అప్పుడు చెప్పకుండా దాచింది ఏమైనా ఉందా, అదీ అడగవచ్చింది.

ఇందులో ఎంత ఉందో నాకు తెలుసు. నేను ఊఁ అంటే ఆ పిల్ల పని పూర్తవుతుంది. ఊహూఁ అంటే మళ్లీ మొదటికొస్తుంది. మా బజారు మర్యాద ఒకటుంది. అయినవాళ్లకు అవసరం వస్తే, లేని సరుకు ఉందని చెబుతాం, ఉన్న సరుకు లేదని చెబుతాం. అది మాకు అబద్ధం లెక్కలోకి రాదు, సాయం లెక్కలోకి వస్తుంది.

“రాసుకో అమ్మాయ్” అన్నాను. “కొండవీడు దగ్గర ఒకాయన పసరు ఇస్తాడు. రోజూ పరగడుపున తాగేవాణ్ణి. మీ డాక్టరుకు భయపడి చెప్పలా.”

ఆ అమ్మాయి మొహం ఒక్క క్షణం వెలిగింది. అది నేను చూశాను. తర్వాత నా మొహం వంక చూసింది, సీసాను వెలుగుకు ఎత్తి చూసినట్టు.

“తాగావా బాబాయ్?”

నేను గానుగ వైపు చూశాను. తలుపు దగ్గర మా ఆవిడ నిలబడి ఉంది. పసరు తాగేవాడైతే చక్కెర అడగకుండా ఉంటాడా అని ఆమె మొహమే చెబుతోంది.

“తాగలా” అన్నాను.

“అయితే తాగలేదనే రాస్తా.”

నాకు కోపమొచ్చింది. ఇచ్చినదాన్ని తోసేస్తే ఎవరికైనా కోపమొస్తుంది. ఇంత రాశిలో ఒక్క గింజ తీసి పక్కన పెడితే ఎవడు చూడొచ్చాడు, ఒక్క ముసలోడి ముక్క కోసం ఇన్నేళ్ల పని తగలేసుకుంటావా అని గట్టిగానే అన్నాను. ఆ అమ్మాయి గొంతు పెంచలేదు.

“నిన్ను తీసేస్తే లెక్క బాగానే కుదురుద్ది బాబాయ్. ఆ లెక్క నమ్మి ఎవరో ఒకరు మందు చేస్తారు. నీలాంటి గడ్డ ఉన్నవాడికి అది ఇస్తారు. వాడికి పని చెయ్యదు. ఎందుకు చెయ్యలేదో ఎవరికీ తెలవదు, ఎందుకంటే నిన్ను ఇక్కడే తీసేశాం గదా.” చున్నీ సర్దుకుని, “నట్టు మిగిలింది. అంతే” అంది.

మంచినీళ్లు అడిగి తాగింది. స్టూలు దాని చోట పెట్టి బస్సుకు పోయింది. నేను కాళ్లు చూశాను. ఈసారి పిలవడానికి కాదు. ఆ నడక మెత్తబడుతుందేమోనని ఒకవైపు ఆశ, మెత్తబడకూడదని ఇంకోవైపు. పక్క కొట్టు దాటింది, పూలకొట్టు దాటింది, మలుపు తిరిగింది.

తర్వాత జరిగింది పెద్ద కథేం కాదు. పని ఆలస్యమైంది. నెలనెలా వచ్చే జీతం గడువు తీరి ఆగిపోయింది. ఆ అమ్మాయి మాచర్లలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరి, సెలవు రోజుల్లో గుంటూరు లాబుకు పోయేది. ఇంకొన్ని గడ్డలు, ఇంకొన్ని మంచి ముక్కలు. ఎంతమంది మంచాల పక్కన ఎన్ని స్టూళ్లు వేసుకుందో. మా కొట్టుకు మాత్రం రావటం మానలేదు. దారం, అరచెయ్యి, మోచేతులు.

కిందటి ఎండాకాలంలో అచ్చయిన కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచింది. అనుకున్నంత పెద్దది కాలేదని ముందే చెప్పింది, లోపం ముందు చెప్పే అలవాటు పోదు గదా. చాలా గడ్డల్లో ఆ దగ్గు పడిపోవటం నిజమేనట. నాలాంటి కొన్నింటిలో కాదట, అక్కడ కొవ్వు ఇంకో దారిన చేరుతోందట. ఆ దారేదో, చెయ్యి నిలువుగా, ఇక్కడిదాకే. ఒక బొమ్మలో చుక్కలు కుప్పగా ఉన్నాయి. వాటికి దూరంగా, పైన మూలన ఒంటరిగా ఒక చుక్క. దాని మీద వేలు పెట్టి, “ఇదిగో నువ్వు” అంది. కాస్త ఇవతల ఇంకో రెండు చుక్కలు చూపించి, వీళ్లు తర్వాత దొరికారంది. ఆ రెంటినీ చూపించేటప్పుడు ఎంత సంబరమో. నా చుక్కకు తోడు దొరికినట్టు.

మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసి, “అక్కడ గూడా పదిమందితో కలవడా ఈయన” అంది.

నూనె కావాలా అంటే, సీసా తేలేదంది. మళ్లీసారి తెస్తానంది.

ఆ సీసా ఇప్పుడు ఆమె తండ్రి తెచ్చాడు. ఎందుకు తెచ్చారని నేను అడగలేదు, ఆయనే చెప్పాడు. “ఇంట్లో కనపడింది. ఖాళీగా ఉంది. ఖాళీగా ఉంచాలంటే మనసొప్పలా. ఈడ పోయించుకొచ్చేదని తెలుసు.” తర్వాత చుట్టూ చూసి, కొట్లో ఆ అమ్మాయి ఎక్కడ కూర్చునేదని అడిగాడు. స్టూలు చూపించాను. కుర్చీలోంచి లేచి వచ్చి దాని మీద కూర్చున్నాడు.

ఇక లెక్క. చచ్చినవాళ్ల విషయంలో అందరం కొలతకు మించి పోస్తాం. ఆ అమ్మాయి ఒప్పుకోదు కాబట్టి ఉన్నదే చెబుతాను. ఆమె పరిశోధన వల్ల నాకు ఒక్కరోజు ఆయుష్షు పెరగలేదు. నన్ను బతికించింది పెద్ద డాక్టరు కత్తి. ఆమె వెతికిన దగ్గు పేరుతో మందేదీ నేను చూడలేదు, వస్తుందో రాదో తెలవదు. నేనిచ్చింది కూడా త్యాగమేం కాదు, చెత్తబుట్టలోకి పోవాల్సినవి రెండు ముక్కలు, అవీ వెనక్కి పిలిచి ఇచ్చినవి. నేనివ్వబోయిన పెద్ద సాయం ఒకే ఒక అబద్ధం, అది ఆమె తీసుకోలేదు. నాలాంటి గడ్డ మోసేవాడు ముందు ముందు ఎవడైనా ఉంటే, వాడి చుక్క ఒకటి ఆ కాగితంలో ముందే ఉంది. వాడికది తెలియదు. ఇక్కడిదాకే.

సీసా మూతికి గరిటె ఆనించి పోశాను. నూనె మెల్లగా ఎక్కి దారాన్ని తాకింది. నా చెయ్యి దాని అలవాటు ప్రకారం ఇంకాస్త వంగబోయింది. అరచెయ్యి రాలేదు. ఆయన స్టూలు మీద కూర్చుని గానుగ చప్పుడు వింటున్నాడు, ఇటు చూడటం లేదు. ఎంత పోసినా అడ్డం చెప్పేవాళ్లు లేరు. గరిటె అట్లాగే పట్టుకుని కొంతసేపు నిలబడ్డాను.

తర్వాత గరిటె వెనక్కి తీసుకున్నాను. ఆయన జేబులోంచి డబ్బులు తీశాడు. వద్దనలేదు, ఎంతో అంతే తీసుకున్నాను. అర లీటరు, దారం దాకా. కొసరు లేదు.